కిటికీకి షట్టర్ సరే, పిడి ఎవరి చేతిలో?

మేడ్చల్ రోడ్డులో కండ్లకోయ దాటి కాస్త లోపలికి వెళ్ళినా, రాజీవ్ రహదారి మీద హకీంపేట దాటి శామీర్‌పేట వైపు వెళ్ళినా ఇప్పుడు ఎటు చూసినా కొత్త ఇళ్ళే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్ళుండేవి. అనాబ్‌షాహీ ద్రాక్షకి హైదరాబాద్ శివారు నేలలు పెట్టింది పేరు. తర్వాత శామీర్‌పేటకి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ వచ్చింది, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, 2023లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు కూడా వచ్చేసింది. ఇన్ని వచ్చాక ఇళ్ళు రాకుండా ఉంటాయా!

ఈ ఇళ్ళలో ఈమధ్య ఓ కొత్త సంగతి గమనించాను. కిటికీలకు బయటివైపు రోలింగ్ షట్టర్లు. షట్టర్ అనగానే మనకు గుర్తొచ్చేది మల్గి. పొద్దున్నే గరగరమంటూ పైకి లేస్తుంది, రాత్రి దడాలున కిందికి పడుతుంది. ఇప్పుడు వచ్చేవి అంత మోటుగా లేవులెండి. సన్నటి అల్యూమినియం పట్టీలు, పట్టీల లోపల నురగ, పైన ఓ డబ్బా, పక్కన రెండు చానళ్ళు. బెల్టు లాగితే కొన్ని, పిడి తిప్పితే కొన్ని, బటన్ నొక్కితే మరికొన్ని దిగుతాయి. జర్మనీలోనో స్పెయిన్‌లోనో ఉండివచ్చిన వాళ్ళకి ఇవి కొత్త కాదు. అక్కడ మామూలు ఇళ్ళకీ ఉంటాయి. ఆ దేశాల్లో పిల్లలున్న వాళ్ళు ఫొటోలు పంపడం, ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళు "మనకీ అవే కావాలి" అనడం మొదలైంది.

తెలిసిన వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు షట్టర్లు బిగించే అతను వచ్చి కొలతలు తీసుకుంటున్నాడు. "ఒక్కసారి దించిన్రంటే దొంగ గాదు మేడం, దోమ గూడ రాదు" అన్నాడు. దొంగ రాడు, దోమ రాదు, సరే. గాలి వస్తుందా? ఆ సంగతి అతను చెప్పలేదు, ఆ ఇంటాయన అడగనూ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఉండేది మాత్రం ఆయన కాదు.

అందుకే ఈవారం ఈ కిటికీల ముచ్చట. ఇంటి వ్యవహారాల్లో ఆడవాళ్ళని అడిగేవి ఏమిటో మీకు తెలుసు. వంటింటి గట్టుకి గ్రానైట్ రంగు, పూజగది తలుపుకి గంటలు, కర్టెన్ గుడ్డ. కిటికీ ఎక్కడ, ఎంత, ఏ దిక్కుకి, దాన్ని ఎలా మూయాలి అనేవి మాత్రం మేస్త్రీ, ఇంజనీరు, వాస్తు చెప్పే ఆయన, శ్రీవారు కలిసి తేల్చేస్తారు. ఆ తేల్చినదాని వేడి భరించేది మనం.

వేడి అంటే గుర్తొచ్చింది, షట్టర్‌కి ఉన్న అసలు గుణం ముందు చెప్పాలి. న్యాయంగా మాట్లాడాలి కదా. ఎండని గాజుకి బయటే ఆపగలిగితే ఇల్లు చల్లగా ఉంటుంది. గాజు దాటి లోపలికి వచ్చాక మనం ఎంత మందపాటి కర్టెన్ వేసినా, ఆ కర్టెనే వేడెక్కి గదిలోకి వేడి వదులుతుంది. మన పెద్దవాళ్ళకి ఈ సూత్రం ఎవరూ చదువు చెప్పి నేర్పలేదు. వరండాకి వెదురు చిక్కులు వేలాడదీసేవాళ్ళు, వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. అన్నీ బయటివైపే. ఈ అల్యూమినియం షట్టర్ చేసేదీ అదే పని, నీళ్ళు చల్లే శ్రమ లేకుండా. పడమటి కిటికీకి మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా దించి ఉంచితే, ఏసీ ఉన్న గదికి కరెంటు బిల్లులో, లేని గదికి ప్రాణంలో తేడా తెలుస్తుంది.

అయితే అన్ని కిటికీలకీ అక్కర్లేదు. ఇక్కడ కొంచెం సూర్యుడి నడక తెలియాలి. హైదరాబాద్ పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడే కనిపించదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు. 'ఉత్తరం కిటికీకి ఎండ రాదు' అని నమ్మేవాళ్ళు మే నెలాఖర్లో సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో కూర్చుని చూడండి, వాయవ్యం నుంచి ఎండ ఏటవాలుగా ఎలా దూరుతుందో. దక్షిణం కిటికీ సంగతి వేరు. ఎండాకాలంలో అక్కడ పెద్దగా ఎండ పడదు, చలికాలంలో పడినా హాయిగానే ఉంటుంది. రెండడుగుల సజ్జ చాలు దానికి. తూర్పు ఎండ పొద్దున పది దాకా, అప్పటికి ఇల్లు ఇంకా వేడెక్కదు.

మిగిలింది పడమర. నిలువునా మండించేది అదే. సాయంకాలపు ఎండ కిందినుంచి అడ్డంగా వస్తుంది కాబట్టి పైన ఎంత సజ్జ పోసినా ఆగదు. వాస్తు ప్రకారం యజమాని పడకగది ఎక్కడ ఉంటుంది? నైరుతిలో. రెండు గోడలకి, అందులో ఒకటి పడమటి గోడ, సాయంత్రం దాకా ఎండ తాగి తాగి, రాత్రి పదకొండు దాకా లోపలికి సెగ కక్కుతుంది. వాస్తు మంచిదో చెడ్డదో నేను మాట్లాడను, నమ్మేవాళ్ళు నమ్ముతారు. కాని నైరుతి గదే కావాలనుకున్నప్పుడు మొదటి షట్టర్ దాని పడమటి కిటికీకే పెట్టించండి. డబ్బు మిగిలితే తర్వాత వాయవ్యం గదికి. అంతటితో ఆగండి. పై అంతస్తు వాళ్ళకి ఇంకో మాట. మీ గదికి ఎక్కువ వేడి కిటికీలోంచి కాదు, స్లాబులోంచి వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా. డాబా మీద తెల్లటి పూత వేయించకుండా కిటికీలకి షట్టర్లు బిగించడం నెత్తి మీద నిప్పుల కుంపటి పెట్టుకుని చేతికి విసనకర్ర పట్టుకున్నట్టే.

ఏ రకం కొనాలి? అల్యూమినియం పట్టీల లోపల గట్టి నురగ నింపినవి ఇళ్ళకి పనికొచ్చేవి. వేడినీ కొంత ఆపుతాయి, గాలికి దడదడమనవు. ఇవి ఖరీదు కాబట్టి చాలామంది మల్గీలకి చేసే చోటే ఇనుప రేకు షట్టర్ చేయించుకుంటున్నారు. గట్టిదనంలో దానికి వంక పెట్టలేం. కాని ఒంటి పొర రేకు ఎండకి పెనంలా కాలుతుంది, కాలి ఆ వేడిని గాజు మీదికి వదులుతుంది. స్ప్రింగు ఉంటుంది, అది బిగుసుకుంటుంది, గ్రీజు రాయాలి, వానలకి చానల్ అడుగున తుప్పు పడుతుంది. మీ అత్తగారు, లేదా పెళ్ళయిన కొత్తలో సన్నగా ఉన్న మీ కోడలు, ఒంటిచేత్తో ఎత్తగలదా? కొనేముందు ఎత్తించి చూడండి. రంగు తెలుపో లేత రంగో అయితే మేలు. ముదురు గోధుమరంగు గోడకి నప్పుతుంది గాని ఎండని పీల్చేస్తుంది. షట్టర్‌కీ గాజుకీ మధ్య కొద్దిగా జాగా వదిలితే ఆ సందులో వేడి గాలి పైకి పోతుంది. మొత్తం కిందికి నొక్కకుండా దించితే పట్టీల మధ్య సన్నటి చిల్లులు కనిపించే రకం అడగండి. చుక్కలు చుక్కలుగా వెలుగూ, కాస్తంత గాలీ వస్తాయి.

చెప్పుల కొలత తర్వాత కాలు కొనుక్కోలేం కదా. అలాగే షట్టర్ ఆలోచన గోడలు లేచాక, రంగులు వేశాక వస్తే కష్టం. పైన చుట్టుకునే డబ్బాకి మామూలు కిటికీ ఎత్తుకే ఆరేడు అంగుళాలు కావాలి. లింటెల్ పోసేటప్పుడే దానికి చోటు వదిలితే లోపల దాగిపోతుంది. లేదంటే కిటికీ మీద ఓ రేకు డబ్బా అతికించినట్టుంటుంది, లేదా కిటికీ ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. మోటారు కావాలంటే వైరు పైపు గోడలోనే వేయించాలి. ఇంకోటి, బయటికి తెరుచుకునే టేకు రెక్కలుంటే షట్టర్ దిగదు, రెక్కలు అడ్డం. అప్పుడు జరిపే కిటికీ పెట్టాలి. జరిపే కిటికీ రెండు పలకలదయితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, గాలీ సగమే. లోపలికి తెరుచుకునేది పెడితే మంచానికో కర్టెన్‌కో తగులుతుంది. ఇవన్నీ నక్షా కాగితం మీద ఉన్నప్పుడే చూసుకోవాల్సిన లెక్కలు. కేంద్రంలోని ఇంధన పొదుపు సంస్థ 2018లో తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత'లో మన హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి ఓ లెక్క చెప్పారు. ఇంటి లోపలి వైశాల్యంలో కనీసం పన్నెండున్నర శాతం, అంటే ఎనిమిదో వంతు, బయటికి తెరుచుకునే కిటికీలూ తలుపులూ ఉండాలట. 1,200 చదరపు అడుగుల ఇంటికి 150 అడుగులు. తెరుచుకునే జాగానే లెక్క, గాజు బిగించేసింది కాదు. మీ ఇంట్లో ఎంత ఉందో టేపు పెట్టి కొలవండి ఓ ఆదివారం.

ఇంతవరకూ ఎండ గొడవ. కాని నిజం చెప్పండి, మేడ్చల్ వైపు షట్టర్లు పెట్టిస్తున్న వాళ్ళలో ఎంతమంది ఎండ కోసం పెట్టిస్తున్నారు? భయం కోసం. పది ప్లాట్లకి రెండిళ్ళు లేచిన వెంచర్లు. మధ్యలో ముళ్ళ కంపలు, సగంలో ఆగిన పిల్లర్లు. ఆయన పొద్దున ఏడింటికి బయల్దేరితే రాత్రి తొమ్మిదికి వస్తాడు. ఇంట్లో ఓ ఇల్లాలు, ఓ ముసలావిడ, ఓ చంటిపిల్ల. భయం ఉండదని ఎలా అంటాం? ఉంటుంది. కోతులు కూడా ఊరుకోవు, కిటికీ తెరిస్తే అరటిపళ్ళు మాయం. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. కాని అమ్మేవాళ్ళు ఆ భయానికే ధర కట్టి, గ్రిల్ మీద మెష్, మెష్ మీద గాజు, గాజు మీద షట్టర్ అని నాలుగు పొరలు బిగించి వెళ్తున్నారు. దొంగ లోపలికి రాలేడు. మనం బయటికి?

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాముకి నిప్పంటుకుంది. పై అంతస్తులో బీహార్ నుంచి పనికొచ్చిన కుర్రాళ్ళు నిద్రపోతున్నారు. వాళ్ళు కిందికి రావాలంటే దారి ఆ గోదాములోంచే, దాని షట్టర్ దించి ఉంది. పదకొండు మంది చనిపోయారు. ఒక్కడు బతికాడు. ఎలా బతికాడో తెలుసా? కిటికీలోంచి దూకి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్‌లో ఒకే కుటుంబపు బంధువులు, పిల్లలతో సహా పదిహేడు మంది పోయారు. కింద దుకాణాలు, పైన కాపురం, రాకపోకలకి ఇరుకు దారి. మంట చేరకముందే పొగ చేరింది. అగ్నిప్రమాదాల్లో చాలా ప్రాణాలు తీసేది పొగే. పొగలో మనిషికి దొరికే వ్యవధి నిమిషాల్లో ఉంటుంది. ఆ నిమిషాల్లో కరెంటు ఉండదు. మోటారు షట్టర్ పైకి లేవదు. తాళంచెవి హాల్లో టీవీ బల్ల సొరుగులో ఉంటుంది.

ఈ రెండూ ఇళ్ళ కిటికీ షట్టర్ల వల్ల జరిగినవి కావు, నాకు తెలుసు. మూసిన దారి ఏం చేస్తుందో చెప్పడానికి వీటిని మించిన నిదర్శనం మన ఊళ్ళోనే ఉన్నప్పుడు ఎక్కడికో పోయి వెతకడం ఎందుకని చెబుతున్నాను. అందుకని నా పట్టు ఒక్కటే. ప్రతి పడకగదిలో కనీసం ఒక కిటికీ కరెంటు లేకుండా, తాళంచెవి లేకుండా, లోపలినుంచి, ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషి చేత్తో తెరుచుకోవాలి. దాని గ్రిల్‌కి కూడా తలుపు ఉండాలి, గడియ లోపలివైపు ఉండాలి. దొంగల భయమైతే ఆ గడియని బయటినుంచి చేయి పెట్టినా అందని చోట పెట్టించుకోవచ్చు, ఏ వెల్డింగు షాపులోనైనా చేసిస్తారు. ఈ ఒక్కటీ కుదరకపోతే ఆ కిటికీకి షట్టర్ వద్దు. ఎండ కాసేపు భరిద్దాం.

మోటారు షట్టరే ముచ్చటపడితే చేత్తో తిప్పే పిడి కూడా ఉన్నదే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేస్తే శివార్లలో గంటలకొద్దీ కరెంటు పోవడం మీకు తెలియంది కాదు. బిగించిన రోజే మెయిన్ ఆపేసి, ఆ పిడితో మీరే ఎత్తి చూడాలి. మీరు అంటే మీరే, బిగించిన అతను కాదు. దిగేటప్పుడు అడ్డం ఏదైనా తగిలితే ఆగిపోయే మోటారు ఉంటుంది, చంటిపిల్లలున్న ఇంట్లో అది తప్పదు. బెల్టు రకం అయితే కింద వేలాడకుండా గోడలోని డబ్బాలోకి చుట్టుకునేది కొనండి. వేలాడే తాళ్ళూ బెల్టులూ పిల్లల మెడకి చుట్టుకోవడం పరాయి దేశాల్లో చాలా ప్రాణాలు తీసింది.

దొంగల సంగతి కూడా ఓ మాట అనుకుందాం. పట్టపగలు అన్ని షట్టర్లూ దించిన ఇల్లు దొంగకి ఏం చెబుతుంది? 'ఇంట్లో ఎవరూ లేరు, నెమ్మదిగా రా' అని. పండక్కి ఊరెళ్ళేటప్పుడు షట్టర్లన్నీ దించి తాళం వేసి వెళ్ళేవాళ్ళు బోర్డు రాసి పెట్టినట్టే. దానికన్నా పక్కింటావిడతో మంచిగా ఉండడం లాభం. ఇంకో సంగతి నాకు ఎక్కువ బాధ కలిగించేది. సాయంత్రం ఆరున్నరకి శామీర్‌పేట చౌరస్తాలో బస్సు దిగి కాలనీలోకి నడిచొచ్చే ఆడపిల్లని తలుచుకోండి. కాలేజీ పిల్లో, కంపెనీలో పనిచేసే పిల్లో. దారికి రెండువైపులా కిటికీల్లో దీపాలు, వంటింటి చప్పుళ్ళు, ఎవరో తొంగిచూసే ముఖాలు ఉంటే ఆ పిల్ల నడక ఒకలా ఉంటుంది. రెండువైపులా దించిన షట్టర్లుంటే ఇంకోలా ఉంటుంది. మన ఇంటిని కాపాడుకుంటూ మన వీధిని చీకటి చేస్తున్నామన్నమాట. వీధివైపు కిటికీలకి షట్టర్ వద్దనడానికి నాకు ఈ కారణం చాలు. దక్షిణం వీధి అయినా, పడమటి వీధి అయినా సరే, రాత్రి ఎనిమిది దాకా ఎత్తి ఉంచండి.

ముసలివాళ్ళ గదికీ నేను వద్దనే అంటాను. మోకాళ్ళ నొప్పితో కదల్లేని మనిషికి కిటికీయే సినిమా, కిటికీయే పేరంటం. కూరగాయల బండి వచ్చిందా, ఎదురింటి పిల్ల బడి నుంచి వచ్చిందా, హకీంపేట విమానం ఎంత కిందుగా పోయింది, అన్నీ ఆవిడకే తెలియాలి. ఆ గదికి వెదురు చిక్కు వేలాడదీయండి. తెలియనివాళ్ళు బయటినుంచి చూడలేరు, ఆవిడ లోపలినుంచి చూడగలదు. ఎండా ఆగుతుంది, గాలీ ఆడుతుంది. రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, అంతే.

పడమటి వైపు ఓ ఆరడుగుల జాగా ఉన్నవాళ్ళు ఈ ఖర్చంతా పెట్టేముందు ఓ పందిరి వేసి చూడండి. చిక్కుడు పాదో, బీర పాదో ఆర్నెల్లలో అల్లుకుంటుంది. రాధామనోహరం కాస్త ఆలస్యమైనా ఏళ్ళ తరబడి ఉంటుంది. ద్రాక్ష పండిన నేల కదా, ఓ ద్రాక్ష తీగ పెట్టినా పెట్టొచ్చు, గుత్తులు రాకపోయినా ఆకు నీడ మిగులుతుంది. కాస్త దూరంలో వేపో కానుగో నాటితే నాలుగైదేళ్ళకి అందుకుంటుంది.

షట్టరే అని తేల్చుకున్నాక బేరం దగ్గర అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. చదరపు అడుగు ధరలో పై డబ్బా కొలత కలుపుతున్నారా? పక్క చానళ్ళు, బిగింపు కూలీ, మోటారు వేరా? విరిగిన పట్టీ ఒక్కటి మార్చొచ్చా, మొత్తం తీయాలా? డబ్బా మూత ఇంటి లోపలినుంచి తెరుచుకుంటుందా, లేక రిపేరుకి రెండో అంతస్తుకి నిచ్చెన వెయ్యాలా? ఆ డబ్బాలో పావురాలూ తేనెటీగలూ చేరకుండా అంచులకి బ్రష్ ఉందా? జవాబులు బిల్లు మీదే రాయించుకోండి. బిగించాక ఆ తిప్పే పిడిని కర్టెన్ వెనకో, బీరువా మీదో పెట్టకండి. కిటికీ పక్కనే, ఎనిమిదేళ్ళ పిల్లకి అందే ఎత్తులో మేకు కొట్టి తగిలించండి. ఆ పిల్ల చేత నెలకోసారి ఎత్తించండి కూడా.